పదకొండు అడుగులు

పోయినవారం మనం వెర్నా కోలార్‌ని నగర సభామందిరంలో, నిండు జనం మధ్య, చెయ్యి పైకెత్తి నిలబడ్డ చోటే వదిలేసి వచ్చాం. ఆ చెయ్యి దించేలోపే ఆవిడ అన్న మాట పోర్ట్ హాలెక్ ఊరంతా పాకిపోయింది. "తవ్వుదాం" అంది. అంతకుమించి ఒక్క ముక్క అనలేదు.

అంత మాట ఎందుకు అనాల్సి వచ్చిందో గుర్తుంది కదా? ఈరీ సరస్సు ఒడ్డున డెబ్భై ఏళ్ళుగా నిలబడ్డ బ్రేక్‌వాటర్ పార్కుని, మన బేస్‌బాల్ స్టేడియాన్ని, పడగొట్టి అద్దాల మేడలు కడతామని ఒక కంపెనీ దిగింది. జట్టు ఇప్పటికే హైవే పక్కన కట్టిన కొత్త స్టేడియానికి మూటాముల్లె సర్దుకుంటోంది. ఏడుగురు సభ్యుల కమిషన్ ఈ పార్కుని చారిత్రక కట్టడమని ప్రకటిస్తే తప్ప దానికి దిక్కు లేదు. ఊరు చూపించిన చరిత్రలో అన్నిటికంటే గట్టిది ఒక బంతి. 1954 సెప్టెంబరులో మన జట్టు ఆటగాడు లూషియస్ బ్రిగ్స్ కొట్టిన బంతి కుడివైపు గోడ దాటి, గోడ వెనక రాతికట్ట కూడా దాటి, ఎక్కడా నేల తాకకుండా సరస్సులో పడింది. అంతకుముందూ ఆ తరవాతా ఇంకెవ్వరూ కొట్టలేదు. అది పడినచోటికి ఎదురుగా రాతికట్ట మీద ఇత్తడి ఫలకం ఉంది. దాన్ని ముట్టుకోకుండా ఈ ఊళ్ళో ఏ పిల్లలూ పెద్దవాళ్ళు కాలేదు.

అలాంటి ఫలకం మీద కంపెనీ లాయరు ట్రెవర్ హాస్కిన్స్ ఒక పాత ఉత్తరం పడేశాడు. ఎప్పుడో పోయిన ఒక పార్కు కూలీ తన చెల్లెలికి రాసుకున్నది. "1954 చలికాలంలో సరస్సు పొంగి మైదానం మళ్ళీ మొదటినుంచీ వెయ్యాల్సి వచ్చింది. అదే అదను అని స్టాన్లీ కోలార్ హోమ్ ప్లేటూ, దాంతోబాటు ఆట గీతలన్నీ పదకొండు అడుగులు పక్కకి జరిపించాడు. మరుసటేడు మళ్ళీ యథాస్థానంలో పెట్టాడు. బయట ఎవరికీ చెప్పొద్దని మాచేత ఒట్టు వేయించుకున్నాడు." ఇదీ ఉత్తరం. హోమ్ ప్లేటంటే బ్యాటు పట్టినవాడి కాళ్ళ దగ్గరుండే తెల్ల రబ్బరు పలక, మైదానానికి నాభి. స్టాన్లీ కోలార్ అంటే ఆ రోజుల్లో పార్కుకి మైదానం మేస్త్రి. వెర్నాకి కన్నతండ్రి. ఆయన తరవాత పంతొమ్మిదేళ్ళుగా మట్టి దువ్వే ఆ దంతే, ఆ పారా వెర్నా చేతిలోనే ఉన్నాయి.

"బంతి పడింది కట్టకి అవతల ఐదడుగుల దూరంలో. ఫోటో ఉంది," అన్నాడు హాస్కిన్స్, చిన్నపిల్లలకి లెక్క నేర్పినట్టు. "ప్లేటుని గోడకి పదకొండు అడుగులు దగ్గర చేశారు. దొంగ దూరం తీసేస్తే ఆ బంతి రాళ్ళ మీద పడాలి. మీరు కాపాడమంటున్నది ఒక మోసాన్ని."

అప్పుడు లేచింది వెర్నా.

అనడమైతే అనేసింది గానీ ఇంటికెళ్ళాక ఆవిడకి అన్నం సయించలేదు. ఎటువైపు జరిపారో ఆ ఉత్తరంలో లేదు. గోడవైపే అయ్యుంటుందని లాయరు ఊహించాడు, ఊరూ ఊహించింది. సొంత జట్టు కొట్టేవాడికి దూరం తగ్గించే మేస్త్రులు బోలెడంతమంది, పెంచేవాడు ఎక్కడుంటాడు? నిజం తెలిసిన మనిషి ఈ భూమ్మీద ఒక్కడే. ఆ మనిషి మూడురోజులుగా ఫోను ఎత్తడం లేదు.

గురువారం పొద్దున్న తొమ్మిదికి, ఎడమవైపు మెట్ల కింద సామాను గదిలో వెర్నా పార ఎంచుకుంటుంటే గుమ్మంలో నీడ పడింది. స్టాన్లీ. ఇరవైరెండో నంబరు బస్సులో వచ్చాడు. డెబ్భై రెండేళ్ళ మనిషి, వెలిసిపోయిన నీలం టోపీ, ఎండకి కమిలిన మెడ ఇంకా అలాగే ఉంది.

"ఆ పారకి సాన పట్టించి ఎన్నాళ్ళయింది?" అన్నాడు.

"ఫోను ఎత్తని మనిషికి పార సంగతి దేనికి?"

"అడిగాను. చెప్పకపోతే మానెయ్."

"పోయిన సోమవారం పట్టించాను. నాన్నా, ఎటు జరిపావు?"

స్టాన్లీ గోడకి ఆనించిన ఇనుప దంతె అందుకుని దాని పళ్ళ మీద బొటనవేలు నడిపించాడు. అన్నీ ఉన్నాయా లేదా అని చూసుకునేవాడిలా.

"ప్లేటుకి వెనకాల, ఎడంపక్కగా ఒకచోట దంతె పళ్ళకి గట్టిగా తగులుతుంది. తెలుసుగా?"

"తెలియకేం? నీళ్ళ గొట్టం. నాకు తొమ్మిదేళ్ళప్పుడు చూపించావు. అక్కడ లోతుగా గీకొద్దే అమ్మాయ్ అన్నావు. అప్పట్నుంచీ అక్కడ చంటిబిడ్డ తల దువ్వినట్టు దువ్వుతున్నా."

"అది నీళ్ళ గొట్టం కాదు."

వెర్నా సున్నం బస్తా మీద చతికిలబడింది.

ప్లేటు పాతేముందు దానికి ఆనవాలుగా భూమిలో ఒక ఇనుప గొట్టం దిగ్గొడతారు. దాన్నుంచే కొలతలన్నీ. ఆ పాత గొట్టం ప్లేటుకి వెనకాల ఉందంటే, 1954లో ప్లేటు కూడా వెనకాలే ఉంది. అంటే కుడి గోడకి దగ్గరగా కాదు, పదకొండు అడుగులు ఇంకా దూరంగా! ఆ దూరం నుంచి కొట్టినా బంతి నీళ్ళలోనే పడింది. ఈ లెక్క వెర్నా బుర్రలో పూర్తయ్యేసరికి ఆవిడ మళ్ళీ లేచి నిలబడి ఉంది.

"గెలిచాం నాన్నా! గెలిచేశాం! ఆ టక్కరి లాయరు ఉత్తరంతో వాడి గొయ్యి వాడే తవ్వుకున్నాడు. మూడు రోజులు ఈ మాట కడుపులో దాచుకుని కూర్చున్నావా, నువ్వసలు మనిషివేనా?"

"తవ్వకు," అన్నాడు స్టాన్లీ.

"ఏంటి?"

"ఓడిపో. పార్కుదేముంది, సిమెంటూ ఇనుమూ. పోతే పోతుంది. తవ్వకు, వెర్నీ."

ఈ మనిషేనా ఆ మాట అంటున్నది? అమ్మ పోయిన నాడు కూడా సాయంత్రం ఆటకి గీతలు గీసి వచ్చిన మనిషి! వెర్నా తండ్రి మొహంలోకి చూసింది. ఆయన దంతె పళ్ళు మళ్ళీ మొదటినుంచి లెక్కపెడుతున్నాడు.

"ఎందుకు తవ్వకూడదు?"

"తవ్వితే లొరెయిన్ నన్ను ఒక మాట అడుగుతుంది. దానికి జవాబు చెప్పడం నావల్ల కాదు."

అప్పుడు తెలిసొచ్చింది వెర్నాకి. లొరెయిన్ బ్రిగ్స్, లూషియస్ కూతురు. ఓడరేవు యూనియన్ ఆఫీసులో పని. ఈ ఎనిమిది నెలలూ మంచులో, గాలిలో వెర్నా పక్కన నిలబడి సంతకాలు పోగుచేసిన మనిషి. ఆవిడ తండ్రి ఆ 1954లో బంతిని గోడ దాటించి ముప్పైఏడు హోమ్ రన్లు కొట్టాడు. పార్కు రికార్డు ముప్పై ఎనిమిది. ఆ రికార్డు క్లిఫ్ వార్డ్‌లాది, గేటు దగ్గర కంచు విగ్రహమై నిలబడ్డ తెల్ల దొరది. ఒక నల్లవాడు దాన్ని అందుకోవడం చూడలేక ఆ ఏడాది సగం ఊరు పళ్ళు నూరింది. ఒక్కటి తక్కువైంది. పదకొండు అడుగుల దూరం పెంచిన మైదానంలో, ఒకే ఒక్కటి.

"స్ప్రాగ్ చెయ్యమన్నాడు కదూ?" అంది వెర్నా. వెల్డన్ స్ప్రాగ్ ఆనాటి జట్టు యజమాని. చనిపోయి పాతికేళ్ళయినా ఈ ఊళ్ళో ఆ పేరు ఎత్తితే ఉమ్మేసేవాళ్ళు ఉన్నారు. "ఆ ముసలి నక్క బ్రిగ్స్‌ని ఎప్పుడూ ఓర్వలేదు. నీచేత చేయించాడు. ఉద్యోగం తీసేస్తానన్నాడా?"

స్టాన్లీ ఉలకలేదు, పలకలేదు. వెర్నాకి ఆ మౌనం చాలు.

"నాన్నా, ఇటు చూడు. మొట్టమొదట నాకేం నేర్పావు? భూమిలో పాత గుర్తు ఏదైనా పూడిస్తే పైన గుప్పెడు ఎర్ర ఇటుకపొడి వెయ్యమన్నావు. కాలవ అయినా, గొట్టం అయినా, మనం చేసిన తప్పయినా సరే. ఎవడి దగ్గర దాచినా మన తరవాత దంతె పట్టేవాడి దగ్గర దాచకూడదన్నావు. దాని మీద ఇటుకపొడి వేశావా, లేదా?"

ఆయన గుమ్మంలోంచి సరస్సు వైపు చూశాడు.

"వేశాను."

"అయితే నేను తవ్వాలనే వేశావు," అని వెర్నా పార భుజాన వేసుకుని బయటికి నడిచింది.

*

ఆ రోజు ఆట లేదు. అయినా పార్కులో చేపల కొట్టు నడిపే డుడెక్ పొయ్యి వెలిగించి చేపముక్కలు వేయించడం మొదలుపెట్టాడు. పార్కు బతికున్నంత కాలం పొయ్యి ఆర్పేది లేదని పంతం. మూడొందలమంది దాకా వచ్చారు, ముందు వరసల్లో కూచుని పొద్దున్నే చేప శాండ్‌విచ్‌లు నమిలేస్తున్నారు. జూన్ నెల కదా, సరస్సు ఈగలు రాత్రంతా లైట్ల చుట్టూ తిరిగి తిరిగి చచ్చిపడి మెట్ల మీద కుప్పలైపోయాయి. ఎవరు కాలు కదిపినా కరకరమంటోంది. హాస్కిన్స్ కొత్త బూట్లతో వాటి మీద నడవలేక, నడవకా ఉండలేక నానా యాతనా పడుతుంటే జనం కడుపారా నవ్వుకున్నారు.

కమిషన్ అధ్యక్షురాలు ఈనెజ్ ఓగిల్వీ మాత్రం ఇంటినుంచే రబ్బరు బూట్లు తెచ్చుకుంది. తొడుక్కుని, ప్లేటు దగ్గర వేసిన కుర్చీ వద్దని నిలబడే ఉంది. పక్కన మిగతా ఆరుగురు సభ్యులు, జరిగిందల్లా రాసుకునే గుమాస్తా.

లొరెయిన్ కంచె దాటి వచ్చి వెర్నా చెయ్యి పట్టుకుంది. "నిద్ర పట్టిందా?"

"లేదు. లొరెయిన్, నీకొకటి చెప్పాలి. తవ్వేముందే చెప్పాలి."

"ఎటువైపో తెలిసిందా?"

"తెలిసింది. కానీ..."

"మిస్ కోలార్, మొదలుపెడదామా?" అంది అధ్యక్షురాలు.

చెప్పి ఉండాల్సింది. పదిమాటల్లో అయిపోయేది. లొరెయిన్ అప్పటికే చిరునవ్వుతో వెనక్కి వెళ్ళిపోయింది. ఎంత ధైర్యవంతులకైనా కొన్ని పదిమాటలు ఇలాగే మిగిలిపోతాయి. ఆ తరవాత వాటికి పదిరెట్లు చెల్లించుకుంటారు.

"ముందు నేను చెప్పినచోట తవ్వాలి," అన్నాడు హాస్కిన్స్. ప్లేటుకి ముందు, కుడిగా పదకొండు అడుగులు కొలిపించి జెండా గుచ్చాడు.

"మీ ముచ్చట ఎందుకు కాదనాలి?" అంది వెర్నా. పార దిగింది.

మైదానం మట్టిని ఆవిడ చదివినట్టు ఇంకెవరూ చదవలేరు. పైన ఆరంగుళాలు ఇటుకబట్టీ బంకమట్టి. దాని కింద ఉక్కు కర్మాగారం బూడిద, ఆ కర్మాగారం మూతపడి పదేళ్ళయింది. ఇంకా కింద సరస్సు గుల్లలు, ఎందుకంటే ఈ పార్కు కింద నేల నిజానికి నేల కాదు, మన తాతలు చెత్తా రాళ్ళూ బూడిదా పోసి సరస్సు దగ్గర లాక్కున్న జాగా. రెండడుగులు తవ్వింది. గుల్లలే.

"ఇంకో అడుగు," అన్నాడు హాస్కిన్స్.

ఇంకో అడుగు తవ్వింది. నీళ్ళు ఊరాయి.

"లాయరు గారూ, పనిలో పనిగా మీ మేడల పునాది కూడా తవ్వించుకుంటున్నారా?" అని అరిచాడు డుడెక్, చేతిలో గరిటెతో. మెట్లన్నీ గొల్లుమన్నాయి.

వెర్నా గొయ్యిలోంచి పైకి వచ్చింది. ప్లేటు దాటి వెనక్కి నడిచింది. ఎడంపక్కకి నాలుగడుగులు. కొలవలేదు, జెండా గుచ్చలేదు, ఒంగి చూడను కూడా లేదు. ముప్పై రెండేళ్ళుగా నెమ్మదిగా గీకిన చోటది, కళ్ళు మూసుకున్నా కాళ్ళే తీసుకెళతాయి. పారతో కాదు, చేత్తో పైమట్టి తోసింది. బెత్తెడు లోతులో మట్టి రంగు మారింది. ఎర్రగా, దంచిన మిరపకాయ కారంలా, గుప్పెడు.

ఆ ఎరుపుని వెర్నా వేళ్ళతో నలిపి చూసింది. తండ్రి చేతి ముద్ర అది. తను పుట్టకముందే తనకోసం పెట్టి ఉంచిన కబురు.

పార మొన తగిలి ఇనుము ఖంగుమంది.

కంపెనీ తెచ్చుకున్న కొలతల అమ్మాయే వచ్చి టేపు పరిచింది. రెండుసార్లు చూసింది. హాస్కిన్స్ వైపు చూడకుండా అధ్యక్షురాలితో చెప్పింది. "పదకొండు అడుగులు, మేడమ్. ఒక అంగుళం ఎక్కువ. గోడకి దూరంగా."

ముందు ఎవరికీ ఎక్కలేదు. మూడోవరసలో ఒక ముసలాయన శాండ్‌విచ్ కింద పడేసి లేచాడు. "దూరంగా! విన్నారట్రా? దూరం పెంచి కొట్టాడు! ఆ దూరం నుంచి కొట్టి నీళ్ళలో వేశాడు మన లూషియస్!" ఇక చూడాలి. మూడొందలమంది కాళ్ళతో ఇనుప మెట్లు మోగించారు. చచ్చిన ఈగలు కూడా లేచి ఎగిరాయి.

"పప్పులో కాలేశారు, హాస్కిన్స్ గారూ," అంది వెర్నా.

కానీ హాస్కిన్స్ తెలివితక్కువవాడేం కాదు. జనం అరిచినంతసేపూ అరవనిచ్చాడు. ఆ అరుపులో అతను లెక్క మళ్ళీ వేసుకున్నాడు. వెర్నా సామాను గదిలో వేసిన లెక్కే. అది అయ్యాక, బూటు కింద కరకరమన్నా పట్టించుకోకుండా గొయ్యి అంచుదాకా వచ్చాడు.

"నిజమే, నేను పొరబడ్డాను. ఇది నేననుకున్నదానికంటే హీనం," అన్నాడు నిదానంగా. "తమ ఆటగాడికే దూరం పెంచారు. ఏ ఆటగాడికి? ఏ ఏడాది? రికార్డుకి ఒక్కటి తక్కువతో ఆగిపోయిన నల్లజాతి మనిషికి. అంటే ఈ మైదానమే ఆయన్ని దోచుకుంది. అమ్మగారూ, మీరు చారిత్రక కట్టడం అని బోర్డు పెట్టాల్సింది దీనికేనా? నన్నడిగితే దీన్ని పడగొట్టడమే మర్యాద."

మెట్ల మీద మోత ఆగిపోయింది. ఒక్కొక్కరే కూర్చున్నారు. వెర్నా చూడకూడదనుకుంటూనే లొరెయిన్ వైపు చూసింది. లొరెయిన్ మొహంలో నవ్వు లేదు. వెర్నానే చూస్తోంది. నీకు ముందే తెలుసు కదూ అన్నట్టుంది ఆ చూపు.

వెర్నాకి సిగ్గేసింది. ఆ సిగ్గు మీదనుంచే కోపం లేచింది. ఆవిడకి కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. తగ్గిన గొంతు వినడానికి మూడొందలమంది ముందుకి వంగారు.

"అవును, దీనికే. దీన్నే కాపాడమంటున్నా. దొంగతనం జరిగిన ఇల్లు కూల్చేస్తే దొంగసొత్తు తిరిగొస్తుందా? మీరు కూల్చాక ఈ గొట్టం ఎక్కడుంటుంది? మీ కార్ల కింద. దాని మీద ఎవడో కారు ఆపుకుని కిరాణా సామాన్లు దించుకుంటాడు. బ్రిగ్స్ గారిని ఒకసారి దోచుకున్నది చాల్లేదా? రెండోసారి సిమెంటు పోసి పూడుస్తారా? ఈ పార్కు పుణ్యక్షేత్రం అని నేను అనలేదు. ఇక్కడ జరిగిందానికి ఇక్కడే నిలబడి తలెత్తి ఒప్పుకోవాలి. నిలబడ్డానికి చోటు ఉంచండి. అంతే నేనడిగేది."

వెర్నా గుమాస్తా వైపు తిరిగింది.

"ఇప్పుడు చెప్పేది ఒక్క అక్షరం పోకుండా రాసుకో. ఇది దాచిపెట్టమని నాకు ఇంట్లోవాళ్ళే చెప్పారు. నేను దాచను. మైదానం జరిపింది మా నాన్న స్టాన్లీ కోలార్ చెయ్యి. జరపమన్నది యజమాని వెల్డన్ స్ప్రాగ్ నోరు. రాశావా?"

"రాశానమ్మా."

"సంతకం పెడతా. ఇటివ్వు." పెట్టింది. కాగితం మీద ఇటుకపొడి వేలిముద్ర కూడా పడింది.

ఈనెజ్ ఓగిల్వీ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఓటు వేసేముందు ఒకరి మాట వినాలి నేను. ఈ విషయంలో మా ఏడుగురికంటే ఆమెకే హక్కుంది. మిస్ బ్రిగ్స్, మీరేమంటారు? ఈ పార్కు ఉండాలా, పోవాలా? మీరెలా అంటే నా ఓటు అలాగే."

సభ్యులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముగ్గురు అటు, ముగ్గురు ఇటు అని ఊరందరికీ తెలుసు. అంటే ఇంక ఓటు లొరెయిన్‌దే.

లొరెయిన్ కంచె దాటి వచ్చింది. వెర్నా పక్కనుంచే నడిచింది గానీ ఆగలేదు. గొయ్యి దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, ఎర్రపొడి కొంచెం తీసుకుని అరచేతిలో వేసుకుంది. అక్కణ్ణుంచి కుడి గోడని చూసింది. తన తండ్రి ఆ ఏడాదంతా నిలబడి చూసిన చోటినుంచి.

"పద్నాలుగు," అంది. "ఆ ఏడు గోడకి తగిలి వెనక్కి పడ్డ బంతులు. అమ్మ వంటింటి క్యాలెండర్ మీద గీతలు పెట్టేది. పద్నాలుగులో ఒక్కటి చాలేది." అరచెయ్యి మూసుకుంది. "నాన్న సరస్సు గాలిని తిట్టేవాడు. ఆ ఏడు గాలి నామీద పగబట్టిందే అనేవాడు. ఆసుపత్రిలో ఆఖరి వారం కూడా కిటికీ వైపు చూసి ఆ గాలినే తిట్టాడు. ఎవరో చేసిన పనికి గాలిని తిట్టుకుంటూ పోయాడు మా నాన్న."

ఆవిడ లేచి వెనక్కి తిరిగింది. మొదటి వరస చివర, ఎవరికీ కనపడకుండా టోపీ కిందికి లాక్కుని స్టాన్లీ కూర్చుని ఉన్నాడు. లొరెయిన్ పుట్టిననాటి నుంచీ ఆయన్ని స్టాన్ బాబాయ్ అనే పిలిచింది. చిన్నప్పుడు ఆయన తోసే సున్నం బండి ఎక్కి గీతల వెంట తిరిగింది.

"కోలార్ గారూ," అంది లొరెయిన్.

ఆ పిలుపు స్టాన్లీకి ఎక్కడ తగిలిందో వెర్నా చూసింది. ఆయన టోపీ తీసేశాడు. కంచె పట్టుకుని లేచాడు, చిన్నగా నడుచుకుంటూ గొయ్యి దాకా వచ్చాడు.

"నా ఓటు చెప్పేముందు నాకొకటి కావాలి," అంది లొరెయిన్. "స్ప్రాగ్ మీతో ఏమన్నాడు? ఏ మాటలతో అన్నాడు? నలభై మూడేళ్ళయింది, అయినా అలాంటి మాటలు మర్చిపోరు. ఉన్నవి ఉన్నట్టు చెప్పండి. నాకు ఆ మాటలు కావాలి."

"స్ప్రాగ్ ఏమీ అనలేదమ్మా," అన్నాడు స్టాన్లీ. "స్ప్రాగ్‌కి తెలియనే తెలీదు."

గుమాస్తా పెన్ను ఆగింది. హాస్కిన్స్ తల ఎత్తాడు.

సామాను గదిలో ఆయన ఎందుకు పలకలేదో వెర్నాకి ఇప్పుడు తెలిసింది. ఆ మౌనానికి తనే ఒక పేరు పెట్టుకుంది, ఆ పేరు తెచ్చి నలుగురిలో సంతకం పెట్టి మరీ రాయించింది. తండ్రి తప్పు సగం తగ్గుతుందని ఆశపడింది. ఇప్పుడు నోరు మూసుకుంటే ఆ సంతకం అలాగే ఉండిపోతుంది, చచ్చిన స్ప్రాగ్ వచ్చి కాదనడు. జనంలో ఒక్కడు కూడా తప్పుపట్టడు.

"ఆ ముక్క కొట్టెయ్," అంది గుమాస్తాతో. "స్ప్రాగ్ అని నేను చెప్పింది కొట్టెయ్. నాకు తెలియకుండా చెప్పాను. ఆయన చెప్పేది రాయి. నా తండ్రి అని చూడకు, ఏం చెబితే అది రాయి."

గుమాస్తా గీత గీశాడు.

"మరి ఎవరు?" అంది లొరెయిన్. "స్ప్రాగ్ కాకపోతే ఇంకెవరు చెప్పారు మీకు? మీకు మీరే చేశారా? మా ఇంట్లో భోంచేసి, మా నాన్న పక్కన కూచుని, ఆయన గాలిని తిడుతుంటే వింటూ కూర్చున్నారా మీరు?"

"విన్నాను."

"ఎలా విన్నారు!"

"ఆయన నవ్వు ఆపుకోడానికి తిట్టేవాడమ్మా గాలిని. నేను తల దించుకునేవాణ్ణి." స్టాన్లీ వంగి ఆ గొట్టం మీద చెయ్యి వేశాడు, పాత స్నేహితుడి భుజం మీద వేసినట్టు. "చచ్చేదాకా చెప్పనని మాట ఇచ్చాను. నా కూతురు దాచనంది కాబట్టి నేనూ దాచను. జనవరి నెల, ఇదే చోటు, మోకాలి లోతు మంచు. కొలత టేపు ఒక కొస నేను పట్టుకున్నాను. రెండో కొస పట్టుకుని, ఇంకో అడుగు వెనక్కి, ఇంకో అడుగు అంటూ పదకొండు దాకా లాక్కెళ్ళింది మీ నాన్నే."

మరి లూషియస్ ఎందుకలా చేశాడో వచ్చేవారం.